చీరల బ్రాండ్ పెట్టే ముందు: అపోహలు – వాస్తవాలు

ఇన్‌స్టాలో పేజీ తెరిచి, పోచంపల్లి వెళ్లి నాలుగు రకాల చీరలు తెచ్చి ఫొటోలు పెడితే వ్యాపారం మొదలైనట్టే అనుకునేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఉత్సాహం మంచిదే. దాన్ని ముంచేవి కొన్ని తప్పుడు నమ్మకాలు.

అపోహ: ఆరు వేలకు కొని ఎనిమిది వేలకు అమ్మితే రెండు వేలు లాభం.

వాస్తవం: అది ఒక్క చీర లెక్క, వ్యాపారం లెక్క వేరు. 20 చీరలు తెస్తే 1,20,000 రూపాయలు బయటికి పోయాయి. పండగ సీజన్‌లో 12 అమ్ముడయ్యాయనుకోండి, వచ్చింది 96,000. అమ్మిన ప్రతి చీరమీదా లాభమే, అయినా చేతిలో 24,000 తక్కువ. 8 చీరలు బీరువాలో ఉన్నాయి. కొరియర్, ప్యాకింగ్, ఫాల్, పికో, వెనక్కి వచ్చిన పార్శిళ్లు ఇంకా కలపనే లేదు.

పోచంపల్లి ఇక్కత్‌లో డబ్బు ఇలా ఇరుక్కుపోవడం మరీ ఎక్కువ. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులు అద్ది, ఆరబెట్టాకే నేత. పడుగు ఎక్కించేది ఒక్క చీరకు కాదు, వరసగా కొన్ని చీరలకు. మధ్యలో ఫోన్ చేసి "నెమలికంఠం వద్దు, మెరూన్ చేయండి" అంటే కుదరదు. దసరా సరుకు కావాలంటే వేసవి ముగిసేలోపే ఆర్డరు చెప్పి అడ్వాన్సు ఇచ్చుకోవాలి. కాబట్టి ప్లాన్‌లో మొదటి పేజీ లోగో కాదు, ఏ నెలలో ఎంత పోతుంది, ఏ నెలలో ఎంత వస్తుంది అన్న పట్టిక. "చీరలు అమ్ముడయ్యాక ఇస్తాం" అని నేతన్న డబ్బు ఆపడం నా దృష్టిలో అన్యాయం. ఆయన పని ఎప్పుడో అయిపోయింది.

అపోహ: బిజినెస్ ప్లాన్ బ్యాంకు కోసమే.

వాస్తవం: బ్యాంకూ అడుగుతుంది. ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కానీ సరుకు కదలలేదని వాయిదా ఆగదు. ఆ పట్టిక ముందు మనకే కావాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే ఏజెంట్ల జోలికి పోకండి.

అపోహ: చానల్ పెడితే వ్యూసే డబ్బు తెస్తాయి.

వాస్తవం: యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. ఆ తర్వాత కూడా పెద్ద వీడియోలపై వచ్చేదాంట్లో మనకు 55 శాతమే. మొదటి ఏడాది పట్టికలో ఆ గడిలో సున్నా వేసుకోవడమే క్షేమం. ఎవరికైనా చీర ఉచితంగా ఇచ్చి రీల్ చేయిస్తే, అది ప్రచారమని రీల్‌లోనే చెప్పించాలి.

అపోహ: కంపెనీ రిజిస్టరైంది కాబట్టి పేరు మనదే.

వాస్తవం: ట్రేడ్‌మార్క్ వేరే దరఖాస్తు. దుస్తులకు 25వ తరగతి. పదేళ్లకోసారి రెన్యువల్. లేబుళ్లు అచ్చు వేయించకముందే వెతికి చూసుకోవాలి.

పోచంపల్లి అన్న మాట మాత్రం ఎవరి బ్రాండూ కాదు. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. మిల్లు బట్టపై ఇక్కత్ డిజైన్ అచ్చేసి ఆ పేరుతో అమ్మితే 1999 నాటి చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రింటయితే ప్రింటనే రాయండి. పేరు మార్చి అమ్మిన ప్రతి చీరా ముడులు కట్టే ఇంటికి రావాల్సిన ఆర్డరును తినేస్తుంది.