చవక పైపుకు పునర్జీవం: బ్రయర్ పొగాకు పైపుల పునరుద్ధరణ - పద్ధతులు, పరిమితులు

వ్యాససంగ్రహం:

పాత వస్తువులను సేకరించి బాగుచేయడం ఐరోపా, అమెరికా దేశాలలో బాగా వ్యాపించిన అభిరుచి. బ్రయర్ కొయ్యతో చేసిన పొగాకు పైపుల పునరుద్ధరణ అందులో ఒక శాఖ. పాతసామాన్ల సంతలో తక్కువ ధరకు దొరికే దెబ్బతిన్న పైపులే ఈ అభిరుచికి ప్రధానమైన ముడిసరుకు. అటువంటి పైపు నిర్మాణాన్ని, దానికి కలిగే నష్టాలను, వాటిని సరిచేసే పద్ధతులను వివరించి, ఆ పని ఎక్కడ ఆగాలనే ప్రశ్నను పునరుద్ధరణ సిద్ధాంతాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పునరుద్ధరణ, బ్రయర్, ఎబొనైట్, వాడుక జాడ, ముద్ర, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

పాడైనదాన్ని బాగుచేయడానికి తెలుగులో పలు మాటలున్నాయి. గుడికి జరిగేది జీర్ణోద్ధరణ. గడియారానికి జరిగేది మరమ్మతు. తాళపత్రప్రతిలోని పాఠానికి జరిగేది పరిష్కరణ. ఈ మూడింటి లక్ష్యాలు వేరు. జీర్ణోద్ధరణలో పూజ తిరిగి సాగడం ముఖ్యం. అందుకోసం శిథిలమైన రాయిని తొలగించి కొత్త రాయిని నిలపడం సహజమే. మరమ్మతులో వస్తువు పనిచేస్తే చాలు. పరిష్కరణలో మాత్రం ప్రతిలో ఉన్నదేదో, పరిష్కర్త చేర్చినదేదో పాఠకునికి విడిగా తెలియాలి. పాత పైపును చేతిలోకి తీసుకున్న వ్యక్తి ప్రతి దశలోనూ ఈ మూడు లక్ష్యాలలో ఒకదానిని ఎంచుకోవలసి వస్తుంది.

పొగాకు తెలుగు నేలకు కొత్త కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వర్జీనియా పొగాకు విదేశాలకు ఎగుమతి అవుతున్నది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. అయినా ఇక్కడి జనసామాన్యం వాడుక చుట్ట, బీడీ, చిలుములది. బ్రయర్ పైపు ప్రధానంగా ఐరోపా వస్తువు. అందువల్ల దాని భాగాలకు తెలుగులో స్థిరపడిన పేర్లు లేవు. ఈ వ్యాసంలో పొగాకు నింపే భాగాన్ని గిన్నె అని, గిన్నెను అంటుకొని ఉండే కొయ్య భాగాన్ని కాడ అని, నోటిలో పెట్టుకొనే భాగాన్ని నోటిగొట్టం అని వ్యవహరించడం జరిగింది.

2. పైపు నిర్మాణం:

ఐరోపాలో తొలుత మట్టిపైపులు విరివిగా వాడుకలో ఉండేవి. అవి చవక, సులభంగా విరిగేవి. 19వ శతాబ్ది మధ్యకాలంలో ఫ్రాన్సులోని జురా పర్వతప్రాంతపు పట్టణం సాన్-క్లోద్ బ్రయర్ పైపుల తయారీకి కేంద్రమైంది. మధ్యధరా తీరాలలో పెరిగే ఎరికా అర్బోరియా అనే పొద వేరుకూ కాండానికీ నడుమ గట్టి బుడిపె ఏర్పడుతుంది. ఆ బుడిపె కొయ్యే బ్రయర్. అది సాంద్రమైనది, వేడిని తట్టుకొంటుంది. బుడిపెను ముక్కలుగా కోసి, గంటల తరబడి నీటిలో ఉడికించి, నెలల తరబడి ఆరబెడతారు. ఉడికించడం వల్ల చేదునిచ్చే రసాలు తొలగుతాయి. నిదానంగా ఆరడం వల్ల కొయ్య పగలదు.

పాత పైపుల నోటిగొట్టం ఎక్కువగా ఎబొనైట్‌తో చేసినది. రబ్బరును అధికపాళ్లలో గంధకంతో కలిపి వేడిచేస్తే ఏర్పడే గట్టి నల్లని పదార్థమిది. దీనికే వల్కనైట్ అని మరొక పేరు. నోటిగొట్టపు సన్నని మొన కాడలోని రంధ్రంలో బిగుసుకొని ఉంటుంది.

ఖరీదైన పైపుకూ చవక పైపుకూ మూలపదార్థం ఒక్కటే కావచ్చు. తేడా కొయ్య నాణ్యతలో ఉంటుంది. బ్రయర్ బుడిపెలో సహజంగానే చిన్న చిన్న గుంటలుంటాయి. గుంటలు లేని ముక్క అరుదు కాబట్టి దానికి వెల ఎక్కువ. గుంటలున్న ముక్కలో లుకము నింపి, ముదురు రంగు వేసి, పైన దట్టంగా వార్నిష్ పూస్తే అది చవక పైపు అవుతుంది. ఈ లుకము, ఈ వార్నిష్ పునరుద్ధరణలో కీలకమైన సమస్యలవుతాయి.

3. నష్టాల స్వరూపం:

వాడిన పైపు గిన్నె లోపలి గోడలకు బొగ్గుపొర పేరుకొంటుంది. పలుచగా ఉన్నంతవరకు అది కొయ్యను నిప్పు నుండి కాపాడుతుంది. దట్టమైతే, వేడికి బొగ్గు, కొయ్య వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల గిన్నె చీలే ప్రమాదముంది. గిన్నె అంచుపై తారు, బూడిద కలిసి నల్లని చెక్కులా గట్టిపడతాయి. కాడ లోపల జిగట తారు పొగదారిని మూసివేస్తుంది. వెలుతురు, తేమ, గాలి తగిలిన ఎబొనైట్‌లోని గంధకం ఉపరితలంలో రసాయనిక మార్పుకు లోనై, నల్లని గొట్టం పసుపు, గోధుమ, ఆకుపచ్చ ఛాయలకు మారుతుంది. పళ్లతో గట్టిగా పట్టుకోవడం వల్ల నోటిగొట్టంపై గుంటలు పడతాయి. కాడ చివర సన్నని పగుళ్లు రావచ్చు. వీటిలో కొన్ని కేవలం మురికి, కొన్ని పదార్థంలో వచ్చిన క్షీణత, కొన్ని వాడినవారి అలవాటు మిగిల్చిన జాడలు. ఏది ఏదో గుర్తించడమే పునరుద్ధరణలో మొదటి పని.

4. పునరుద్ధరణ దశలు:

4.1 గిన్నె, కాడ: పైపు వేడిగా ఉన్నప్పుడు నోటిగొట్టాన్ని లాగితే మొన విరగవచ్చు, కాబట్టి చల్లబడిన పైపునే విడదీయాలి. బొగ్గుపొరను మొద్దు కత్తితో కొద్దికొద్దిగా గీకి, సుమారు 1 మిల్లీమీటరు మేరకు మిగల్చడమో, గోడల స్థితిని చూడవలసి వచ్చినప్పుడు పూర్తిగా తొలగించడమో చేస్తారు. గోడలో గరాటులా లోతుగా కాలిన భాగం కనిపిస్తే ఆ పైపును తిరిగి వెలిగించడం తగదు. కాడ లోపలి తారును ఆల్కహాల్‌లో ముంచిన సన్నని నూలుతీగలతో తీస్తారు. తీగ తెల్లగా బయటికి వచ్చేవరకు ఇది సాగుతుంది. పాత వాసన వదలకపోతే గిన్నెలో దూది కూరి, ఆల్కహాల్‌తో తడిపి, రాత్రంతా ఉంచుతారు. ఆల్కహాల్ ఆవిరవుతూ తారును దూదిలోకి లాగుతుంది. ఆల్కహాల్ వెలుపల చిందితే వార్నిష్ కరుగుతుంది, రంగు దిగుతుంది. ఈ జాగ్రత్త చవక పైపుకే ఎక్కువ అవసరం.

4.2 అంచు: అంచుపై చెక్కును సాండ్‌పేపర్‌తో తీస్తే కొయ్య కూడా పోతుంది, గిన్నె ఎత్తు తగ్గుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు ముందుగా ఉమ్మితో తడిపిన మెత్తని గుడ్డతో తుడుస్తారు. ఇది మోటుపద్ధతిగా కనిపించినా దీనికి శాస్త్రీయ సమర్థన ఉంది. పోర్చుగల్ పరిశోధకులు రొమావ్, అలర్కావ్, వియానాలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో లాలాజలం శుభ్రపరచే శక్తికి అందులోని అమైలేజ్ అనే ఎంజైమును ముఖ్యకారణంగా చూపారు. ఈ అధ్యయనానికి 2018లో రసాయనశాస్త్రంలో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. కొయ్యపై సొట్టలుంటే, తడిగుడ్డ పరచి దానిపై వేడిచేసిన కత్తిని అదుముతారు. ఆవిరి సోకిన కొయ్యపోగులు ఉబ్బి పైకి లేస్తాయి. కొయ్య పోగులు తెగిపోయిన చోట మాత్రం ఈ పద్ధతి ఫలించదు.

4.3 నోటిగొట్టం: వేడి సోకిన ఎబొనైట్ మెత్తబడి, తయారైనప్పటి ఆకారానికి తిరిగి చేరడానికి ప్రయత్నిస్తుంది. అందువల్ల పంటిగుంటలను మొదట సన్నని మంట సెగపై అటూ ఇటూ కదుపుతూ పైకి లేపుతారు. లేవని గుంటలను బొగ్గుపొడి కలిపిన సయనోఅక్రిలేట్ జిగురుతో నింపుతారు. తరువాత నీటితో తడుపుతూ, గరుకు నుండి నునుపుకు 400, 600, 1000, 2000 సంఖ్యల సాండ్‌పేపర్లతో వరుసగా రుద్దుతారు. ప్రతి కాగితం ముందరి కాగితం గీతలను పోగొట్టాలి. ఒక దశను దాటవేస్తే ఆ గీతలు చివరి మెరుగులో బయటపడతాయి. నోటిగొట్టాన్ని విడిగా రుద్దితే కాడను తాకే అంచు గుండ్రబడి, అతుకు వద్ద సందు కనిపిస్తుంది. అందుకే అతుకు దగ్గర కాడకు బిగించి ఉంచే రుద్దుతారు. ఎబొనైట్ ధూళిని, బొగ్గు ధూళిని పీల్చరాదు. ముఖానికి మాస్కు తప్పనిసరి.

4.4 పగులు, మెరుగు: కాడలో పగులు ముగిసే చోట అతి సన్నని రంధ్రం చేస్తే పగులు ముందుకు పాకదు. ఆ పైన జిగురు నింపి, కాడ చుట్టూ ఇత్తడి లేదా వెండి పట్టీ తొడుగుతారు. చివరగా బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుండి లభించే కార్నౌబా మైనాన్ని నూలుచక్రంపై పట్టించి మెరుగు పెడతారు. ఈ మైనం సుమారు 82 నుండి 86 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కాబట్టి చేతివేడికి జిడ్డుగా మారదు.

5. పని ఎక్కడ ఆగాలి?

పై దశలన్నీ నేర్చుకోదగినవే. నేర్చుకోవడానికి కష్టమైనది ఆగడం. పునరుద్ధరణపై 19వ శతాబ్దిలో రెండు వాదాలు ఎదురుపడ్డాయి. ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలె-ల్-ద్యూక్ కట్టడాన్ని అది ఎన్నడూ లేనంత సంపూర్ణస్థితికి తేవడాన్ని కూడా పునరుద్ధరణగానే భావించాడు. జాన్ రస్కిన్ 1849లో వెలువరించిన గ్రంథంలో పునరుద్ధరణను విధ్వంసంగానే తిరస్కరించాడు. ఇటలీకి చెందిన చేజరే బ్రాందీ 1963 నాటి పునరుద్ధరణ సిద్ధాంతంలో ఒక మధ్యమార్గం చూపాడు: వస్తువు సమగ్రతను నిలపాలి, కాని చారిత్రక అసత్యాన్ని సృష్టించరాదు, అది కాలంలో సాగించిన ప్రయాణపు జాడలను చెరపరాదు.

ఈ చర్చ కాడపై ఉన్న ముద్ర దగ్గర ప్రత్యక్షమవుతుంది. తయారీదారు పేరు, దేశం పేరు, ఆకృతి సంఖ్య కాడపై లోతు తక్కువగా అచ్చొత్తి ఉంటాయి. ఒక్క నిమిషం అజాగ్రత్తగా రుద్దితే ఆ అక్షరాలు మాయమవుతాయి. ఖరీదైన పైపుల విషయంలో సేకర్తల జాబితాలు, వివరణలు ఉంటాయి. చవక పైపు గురించి రాసి ఉంచేవారు తక్కువ. చాలాసార్లు దాని పుట్టుక గురించి చెప్పే ఏకైక పత్రం ఆ ముద్రే. కాబట్టి చవక వస్తువును నిర్లక్ష్యంగా రుద్దవచ్చనే భావన తలకిందులైనది.

చవక వస్తువు ఎంతటి సాక్ష్యం కాగలదో మట్టిపైపుల అధ్యయనం నిరూపించింది. అమెరికా పురావస్తు పరిశోధకుడు జె.సి. హారింగ్టన్ 1954లో విరిగిన మట్టిపైపు కాడల రంధ్రాలను కొలిచాడు. 1620 ప్రాంతం నుండి 1800 వరకు ఆ రంధ్రాల వ్యాసం అంగుళంలో 64వ వంతులలో 9 నుండి 4కు క్రమంగా తగ్గినట్లు గుర్తించాడు. తరువాత లూయిస్ బిన్‌ఫర్డ్ దీనిని ఒక గణితసూత్రంగా మార్చాడు. విరగగానే పారవేసిన ముక్కలు వలసస్థావరాల కాలనిర్ణయానికి ఆధారమయ్యాయి.

పంటిగుంటల విషయంలో నిర్ణయం మరింత సున్నితమైనది. పొగ పీల్చడానికి గుంట అడ్డం కాదు. అయినా అందం కోసం దానిని పూడుస్తారు. గుంట ఎడమవైపే లోతుగా ఉంటే, ఆ మనిషి పైపును ఎడమ దవడన పట్టుకొని రెండు చేతులా పనిచేసేవాడేమో అన్న ఊహకు తావుంటుంది. పూడ్చిన తరువాత ఆ ఊహకు ఆధారం ఉండదు. పేరు తెలియని ఒక మనిషి గురించి ఆ పైపు చెప్పగలిగింది అంతే కావచ్చు.

6. ముగింపు:

1. పైపు పునరుద్ధరణ కొయ్య, రబ్బరు, మైనం వంటి పదార్థాల స్వభావజ్ఞానంపై ఆధారపడిన పని. ప్రతి పద్ధతి వెనుక ఒక భౌతిక లేదా రసాయనిక కారణం ఉంది.

2. మురికిని తొలగించవచ్చు, క్షీణతను నిలువరించవచ్చు, వాడుక జాడను తొలగించేముందు మాత్రం ఆలోచించాలి. అవసరమైతే ముందుగా ఛాయాచిత్రం తీసి, కొలతలు రాసి ఉంచాలి.

3. పగిలిన కాడకు తొడిగిన ఇత్తడి పట్టీ తాను తరువాత చేరినదని దాచుకోదు. పరిష్కర్త తన సవరణను పాఠంలో కలిపివేయక అధోజ్ఞాపికలో చూపడం వంటిదే ఇది. ఆ నిజాయితీని పాటించినప్పుడు మరమ్మతు పరిష్కరణ స్థాయిని అందుకొంటుంది.

4. పునరుద్ధరించిన పైపును తిరిగి వెలిగించవలసిన అవసరం లేదు. పొగాకు ఏ రూపంలోనైనా హానికరమే. వస్తువును కాపాడటానికి ఆ అలవాటును కొనసాగించనక్కరలేదు.