గేటు రంగును నిలబెట్టే మట్టి

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఏ వెల్డింగు షాపు ముందు చూసినా రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆరబెట్టిన గేట్లు, కిటికీ గ్రిల్స్ కనిపిస్తాయి. నిటారుగా ఉన్న ఇనుప కడ్డీ మీద తడి రంగు కారిపోకుండా నిలుస్తోందంటే, చాలా రంగుల్లో దానికి కారణం ఒక మట్టి. వంద కిలోల రంగులో అది సాధారణంగా కిలోకు అటూఇటూ ఉంటుంది.

✦ ఆ మట్టి పేరు బెంటొనైట్. అమెరికాలోని వ్యోమింగ్‌లో ఫోర్ట్ బెంటన్ అనే శిలాపొరల పేరు మీద 1898లో ఆ పేరు స్థిరపడింది. మన దేశంలో కచ్, బాడ్‌మేర్ వైపు తవ్వుతారు. ఇందులో ముఖ్యమైన ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. నల్లరేగడి వానకు ఉబ్బేదీ, ఎండకు నెర్రెలు విచ్చేదీ ఈ జాతి ఖనిజాల వల్లే.

✦ మామూలు బెంటొనైట్‌ను ఎనామిల్‌లో వేస్తే ఏం లాభం లేదు, అడుగుకు చేరిపోతుంది. అది నీళ్లను పీల్చుకునే మట్టి, టర్పెంటైన్‌తో దానికి పొసగదు. అందుకని పొరల మధ్యనున్న సోడియాన్ని తప్పించి, ఆ చోట కొవ్వు నుంచి తీసిన పొడవాటి గొలుసులున్న అమ్మోనియం లవణాన్ని చేరుస్తారు. దాంతో మట్టి స్వభావమే మారిపోయి సాల్వెంటులో విచ్చుకుంటుంది. ఈ పద్ధతి మీద ఎర్న్‌స్ట్ హౌసర్‌కు 1950లో అమెరికా పేటెంటు వచ్చింది. నేషనల్ లెడ్ కంపెనీ ఆ సరుకును ‘బెంటోన్’ పేరుతో అమ్మింది.

✦ అసలు విచిత్రం ఇక్కడుంది. నీటి చుక్క తగలకూడదనుకునే ఈ రంగుల్లో, మట్టి పనిచేయాలంటే కాస్త నీరు కావాలి! కొద్దిగా నీళ్లు కలిసిన ఆల్కహాలు వేస్తేనే మట్టి రేకుల అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వరస కూడా ముఖ్యం. ముందు సాల్వెంటులో మట్టిని బాగా నాననిచ్చి, ఆ తర్వాతే ఆల్కహాలు వేసి, మిషను మీద జోరుగా చిలకాలి. ఆల్కహాలు అవసరం లేని రకాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

✦ ఒక్కో రేకు మందం సుమారు ఒక నానోమీటరు. పది లక్షల రేకులు పేరిస్తే ఒక మిల్లీమీటరు! డబ్బా కదలకుండా ఉన్నప్పుడు ఈ రేకులు అల్లుకుని పేకమేడలా నిలుస్తాయి, పిగ్మెంటు అడుగుకు దిగదు. బ్రష్షు ఆడగానే మేడ కూలి రంగు పలచబడుతుంది, సాఫీగా పరుచుకుంటుంది. బ్రష్షు ఎత్తాక మళ్లీ అల్లుకుంటాయి. బ్రష్షు గీతలు సర్దుకునేంత వ్యవధి ఉండాలి, కారిపోయేంత ఉండకూడదు. రంగుల తయారీలో నేర్పంతా ఈ రెంటి మధ్యే ఉంది.

✦ ఈ మట్టికి నెల్లూరు జిల్లాలో దగ్గరి చుట్టం ఉంది: అభ్రకం. గూడూరు నుంచి ఆత్మకూరు పక్కనున్న సంగం దాకా సాగే అభ్రకం పట్టీ భూగర్భశాస్త్ర పుస్తకాలకెక్కింది. రెండు ఖనిజాల్లోనూ పొర కట్టడం ఒకటే. అభ్రకం పొరలను పొటాషియం బిగించి పట్టుకుంటుంది కాబట్టి నీటికి ఉబ్బదు. దాని పొడిని కూడా రంగుల్లో కలుపుతారు. రేకులు పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని తేమను అడ్డుకుంటాయి. కార్ల రంగుల్లో ముత్యపు మెరుపు చాలావరకు టైటానియం డయాక్సైడు పూత పట్టిన అభ్రకానిదే.

✦ ఉదయగిరిని ఆనుకుని సాగే వెలిగొండలకు అవతల, రైల్వే కోడూరు వైపు మంగంపేట బెరైటీస్ గనులున్నాయి. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఇదొకటి. ఆ ఖనిజాన్ని పొడి చేసి ప్రైమర్లలో వాడతారు. నీటికన్నా నాలుగున్నర రెట్లు బరువు! బలమైన పట్టు లేకపోతే డబ్బా అడుగున రాయిలా పేరుకుంటుంది. ఇలాంటి బరువు సరుకును తేల్చి ఉంచడమే మన మట్టికి పెద్ద పరీక్ష.

✦ పెన్నా మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం, దిగువన 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీ, రెండింటికీ ఉన్నవి ఇనుప గేట్లే. ఏళ్ల తరబడి నీళ్లలో నానే ఇనుముకు మందమైన పూత కావాలి. మందంగా కొడితే కారే ప్రమాదం ఎక్కువ. ఇలాంటి పనికి వాడే ఎపాక్సీ పూతల్లోనూ చిక్కదనం కోసం ఈ జాతి మట్టిని కలుపుతుంటారు.

✦ భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలకు మాత్రం ఈ రంగులతో పని లేదు. నోట్లో పెట్టుకునే వస్తువుకు ఎనామిల్ ఎందుకు? చెక్క నునుపే దాని అందం.

ఇంట్లో గేటుకు రంగు వేయించేవాళ్లకు ఒక్క మాట. డబ్బా మూత తీయగానే టర్పెంటైన్ పోయనివ్వకండి. ముందు కర్ర అడుగుదాకా దించి బాగా కలపమనండి. ఆ కలపడంతోనే రంగు సగం పలచబడుతుంది. అప్పటికీ బ్రష్షు బరువుగా లాగితేనే, డబ్బా మీద రాసిన మేరకు టర్పెంటైన్ కలపమనండి.