రంగు పడకపోవడమూ సమాచారమే!

2022 జూన్‌లో వచ్చిన వార్త గుర్తుందా? న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో 12 మందికి పెద్దపేగు చివరన, పురీషనాళంలో ఉన్న కణితి ఆపరేషన్, కీమో, రేడియేషన్ లేకుండానే కనబడకుండా పోయింది. డోస్టార్లిమాబ్ అనే మందుతో! ‘క్యాన్సర్‌కి మందొచ్చేసింది’ అంటూ వాట్సాప్‌లో తెగ తిప్పారు. చాలామంది వదిలేసిన ముక్క ఒకటుంది: ఆ పన్నెండు మందినీ ముందే ఏరి తీసుకున్నారు. వాళ్ల కణితుల్లో డీఎన్‌ఏ తప్పులు దిద్దే ప్రొటీన్ల వ్యవస్థ పనిచేయదు.

ఆ ప్రొటీన్లు ముఖ్యంగా నాలుగు: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. కణితి ముక్కను పల్చగా కోసి, స్లైడ్ మీద యాంటీబాడీలతో రంగు వేస్తారు. ప్రొటీన్ ఉంటే కణకేంద్రకం గోధుమరంగు, లేకపోతే నీలం. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఈ లోపం ఉన్నవే. రెండో దశలో ఇలాంటి కణితి తిరగబెట్టే అవకాశం తక్కువ. 5-ఎఫ్‌యూ కీమో ఒక్కటే ఇస్తే వీళ్లకు పెద్దగా లాభం ఉండదు కాబట్టి సాధారణంగా ఇవ్వరు. ఇతర అవయవాలకు పాకాక మాత్రం ఈ ఊరట ఉండదు. కొందరిలో ఈ లోపం వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్‌కి సూచన. అప్పుడు అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ పరీక్షలు తప్పవు.

ఇందులో ఇంజినీర్‌కి పనేంటి? చెబుతా. ఇలాంటి స్లైడ్లపై నేను రాసిన మొదటి స్క్రిప్ట్ గోధుమరంగు కేంద్రకాలను లెక్కపెట్టేది. ఒకదానిలో సున్నా వచ్చింది. ‘ప్రొటీన్ లేదు’ అని రాసేసింది నా కోడ్. పాథాలజీ తెలిసిన ఫ్రెండ్ చూసి నవ్వేసింది. ‘కణితి పక్కనున్న మామూలు కణాలు చూశావా? వాటిలో ఆ ప్రొటీన్ ఉండి తీరాలి. అవీ నీలంగానే ఉన్నాయంటే ప్రొటీన్ లేకపోవడం కాదు, రంగే సరిగా పడలేదు’ అంది. నిజం స్లైడ్ అయితే? అవసరమైన కీమో ఒకరికి ఆగిపోయేది. మనకి అలవాటైన ‘నల్ వాల్యూ’, ‘జీరో’ తేడానే ఇది. ఇక్కడ ఖరీదెక్కువ, అంతే.

ఈ రంగాన్ని డిజిటల్ పాథాలజీ, కంప్యూటేషనల్ పాథాలజీ అంటారు. జాబ్ సైట్లలో ఈ పేర్లతోనే వెతకండి. సాధన చేయడానికి పైసా ఖర్చు లేదు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పుట్టిన క్యూపాత్ ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. పైథాన్ వచ్చినవాళ్లు ఓపెన్‌స్లైడ్‌తో మొదలుపెట్టొచ్చు. అమెరికా ప్రభుత్వ టీసీజీఏ ప్రాజెక్టులో పెద్దపేగు క్యాన్సర్ స్లైడ్లు, రోగులు ఎన్నాళ్లు బతికారన్న వివరాలు పేర్లు లేకుండా దొరుకుతాయి. అవి మామూలు గులాబీ, ఊదా రంగు స్లైడ్లు. ఈ నాలుగు ప్రొటీన్ల రంగు వాటిలో ఉండదు. అయినా చేయి తిరగడానికి చాలు. కాప్లాన్-మేయర్ గ్రాఫ్ గీయడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి. డీప్ లెర్నింగ్ కంటే ముందు అదే.

రెజ్యూమెలో ‘98 శాతం యాక్యురసీ’ అని రాసేముందు ఇంకో గడి కలపండి: మీ కోడ్ ఎన్ని స్లైడ్లకు ‘చెప్పలేను, మళ్లీ రంగు వేయండి’ అంది?