కరీ సాసుకి మార్కులు వెయ్యడం ఎలా?

అమెరికా కిరాణా కొట్లలో హాట్ సాసుల వరసలో "కరీ" అని పేరు రాసిన సీసాలు కూడా కనిపిస్తూ ఉంటాయి. మనం తెలుగువాళ్ళమని తెలిసిన అమెరికన్ మిత్రులు అలాంటి సీసా ఒకటి చేతిలో పెట్టి, "మీ ఇంటి వంట ఇలాగే ఉంటుందా?" అని అడుగుతారు. "అబ్బే, ఇది మాది కాదు" అనెయ్యడం తేలికే కాని, రుచి చూసి చెప్పిన మాటకి ఉన్న విలువ దానికి ఉండదు. అందుకని నేను ఒక సీసా కొని, తీరిగ్గా పరీక్ష పెట్టి, మార్కులు వేశాను. ఆ పద్ధతి ఇది.

ముందు దీని వంశవృక్షం చూడాలి. హానా గ్లాస్ అనే ఆవిడ 1747లో లండన్‌లో ప్రచురించిన వంటల పుస్తకంలోనే కరీ ఉంది. పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు వగైరా కలిపిన "కరీ పొడి" అమ్మకం ఇంగ్లండులో 18వ శతాబ్దంలోనే మొదలయింది. ఇక వెనిగర్‌లో మిరప సాసంటే 1868 నుంచీ లూయిజియానాలో తయారవుతున్న టబాస్కో గుర్తొస్తుంది. మన సీసా ఈ రెండు వంశాల బిడ్డ. దాన్ని గోంగూర పచ్చడి పక్కన పెట్టి తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ మాటకొస్తే మిరపకాయా మనది కాదు. పోర్చుగీసు వాళ్ళు తెచ్చేదాకా మన వంటల్లో ఘాటు మిరియాలదీ, పిప్పళ్ళదీ, అల్లానిదీ.

మొదటి పరీక్ష వాసన. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది. అది ఆవిరై ముక్కుకి ఎక్కదు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం ఎక్కుతుంది. అందుకని చెంచాడు సాసు పళ్ళెంలో పోసి, రెండు నిమిషాలు ఆగి వాసన చూశాను. అప్పుడు మెంతుల పరిమళం తేలింది. పదికి ఆరు.

రెండవది పులుపూ ఉప్పూ. సాసు ఒట్టిగా నాకితే పులుపే తెలుస్తుంది. ఉప్పు వెయ్యని అన్నంలో కలిపితే రెండూ సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఇక్కడా ఆరే.

మూడవది కారం. ఉగాది పచ్చడిలో దీన్ని ఆరు రుచులలో ఒకటిగా లెక్కపెడతాం కాని, నిజానికి ఇది మంట. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకాన్నే మిరపలోని కాప్సెయిసిన్ కూడా తట్టి లేపుతుంది. ఈ సంగతి 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమానంలో వాటా వచ్చింది. కాప్సెయిసిన్ నీళ్ళలో కరగదు కనక, ఒక్కొక్క ముద్దకీ మధ్య నీళ్ళు కాదు, పెరుగు తినాలి. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో టబాస్కో ఎర్ర సాసు 2,500 నుంచి 5,000; గుంటూరు సన్నం ఎండుమిరప 35,000 నుంచి 40,000. సాసు పలచనిది, కాయ ఎండినది; కనక అంకె తక్కువని చులకన చెయ్యకూడదు. మంట ఎప్పుడు మొదలయింది, గొంతులో ఎంతసేపు నిలిచింది, మిగతా రుచుల్ని మింగేసిందా అన్నవి చూడాలి. నా సీసాలో కారం మెల్లిగా ఎక్కి, మర్యాదగా దిగింది. ఎనిమిది.

నాలుగవది మసాలా. సాసు బోల్తా పడింది ఇక్కడే. జీలకర్ర, ధనియాల సుగంధ తైలాలూ, పసుపులోని కర్క్యుమినూ నూనెలో కరిగినట్టు నీళ్ళలో కరగవు. మనం పోపు పెట్టేది ఇందుకే. వేడి నూనె ఆ పరిమళాన్ని బయటికి లాగి వంటంతా పరుస్తుంది, పచ్చివాసన పోగొడుతుంది. వెనిగర్‌లో ఒట్టి పొడి కలిపితే పసుపు పచ్చివాసన కొడుతుంది, మెంతులు చేదుగా మిగులుతాయి. మూడు మార్కులు.

మొత్తం నలభైకి ఇరవై మూడు, పాసయింది. ఈ లోపానికి మందు కూడా ఉంది. చెంచాడు నూనె సన్నని సెగమీద కొద్దిగా వెచ్చబెట్టి, అందులో సాసు పోసి, తడి ఇగిరేదాకా కలపండి. నూనె బాగా కాగితే చిట్లుతుంది, జాగ్రత్త. అలా చేసిన సాసు పెరుగన్నంలో నంజుకుంటే, వెనిగర్ ఘాటు చాలావరకు పోయి, జీలకర్ర వాసన పైకి వచ్చింది.

కొనేటప్పుడు సీసా వెనక పదార్థాల జాబితా చదవండి. అమెరికాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలి. అందులో నూనె అసలు లేకపోతే మసాలా పచ్చిగా ఉండవచ్చునని ముందే అనుమానించవచ్చు. ఇక ఆ మిత్రుడు అడిగితే నేను చెప్పే జవాబు ఇది: "మా ఇంటిది కాదు కాని, దూరపు చుట్టం. పోపు పెడితే ఇంకా దగ్గరవుతుంది. ఒకసారి భోజనానికి రండి, పెట్టి చూపిస్తాను."