మీకు తెలుసా? కొల్లేటి నడుమ ఓ కోట!

కైకలూరు మండలంలోని కొల్లేటికోటకు ఆ పేరు ఊరికే రాలేదు. ఒడ్ర ప్రభువు లాంగూల గజపతి ఈ లంక మీద కోట కట్టాడని, సరస్సే దానికి అగడ్త అయిందని స్థానిక గాథ. పడవ లేనిదే చేరలేని కోట! దాన్ని పట్టడానికి చిగురుకోట దగ్గర విడిసిన శత్రుసేన, కొల్లేటి నీటిని సముద్రంలోకి వదిలేయాలని కాలువ తవ్వించిందట. అదే ఉప్పుటేరు అంటారు. మనుషులు తవ్విన ఏరంటే నమ్మడం కష్టమే గానీ, కొల్లేటి మిగులు నీరు నేటికీ బంగాళాఖాతం చేరేది ఆ దారినే. ఇప్పుడు ఊరికి పేరు తెచ్చేది పెద్దింట్లమ్మ గుడి. అమ్మవారి మరో పేరు జలదుర్గ. ఫాల్గుణంలో జాతరకు వెళ్తే, కోట కథ కూడా ఊరి పెద్దల్ని అడగండి.