టపటపలాడే రేకు పడవ

పెనుకొండలో బాబయ్య ఉరుసు జరిగినా, ధర్మవరంలో చెన్నకేశవస్వామి తేరు కదిలినా, హిందూపురంలో సంత కూడినా పిల్లల కళ్ళు ముందుగా బొమ్మల అంగళ్ళ మీదనే పడతాయి. మీ అమ్మానాన్నలు చిన్నవాళ్ళుగా ఉన్న 1980లలో అటువంటి అంగళ్ళలో పిల్లలను కదలనివ్వని బొమ్మ ఒకటుండేది. నీళ్ళ తొట్టిలో టపటపమంటూ గుండ్రంగా తిరిగే రేకు పడవ! బ్యాటరీ బొమ్మలు ఎన్ని వచ్చినా అది ఇప్పటికీ దొరుకుతోంది.

ఆ పడవకు ఇంజను ఎక్కడుంది? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి కదా. పెట్రోలు కారు ఇంజనులో పిస్టన్లు, కవాటాలు, ఇరుసులు ఎన్నో కదులుతుంటాయి. మన పడవలో చక్రం లేదు, పిస్టను లేదు, కవాటమూ లేదు. ఒక చిన్న రేకు డబ్బా, దాని నుంచి పడవ వెనుక నీళ్ళలోకి దిగే రెండు సన్నని గొట్టాలు, డబ్బా కింద ఒక దీపం. అంతే!

ముందుగా గొట్టంలోంచి నీరు పోసి డబ్బాను నింపుతారు. దీపం వెలిగించగానే డబ్బాలోని నీరు కొంత ఆవిరవుతుంది. ఒక చుక్క నీరు ఆవిరైతే దానికి సుమారు 1,600 రెట్ల చోటు కావాలి. కాబట్టి ఆవిరి గొట్టాల్లోని నీటిని వెనక్కి నెడుతుంది. పరుగెత్తే నీరు ఉన్నపళాన ఆగలేదు. కాస్త ఎక్కువ దూరమే పోతుంది. దాని వెంట వచ్చిన ఆవిరి చల్లని గొట్టానికి తగిలి మళ్ళీ నీరవుతుంది. అప్పుడు లోపల పీడనం పడిపోతుంది. బయటి గాలి పీడనం తొట్టిలోని నీటిని గొట్టాల్లోకి ఎక్కిస్తుంది. అందులో కొంత వేడి డబ్బాను తాకుతుంది, మళ్ళీ ఆవిరి! ఇదంతా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. డబ్బా పైన ఉన్న పలుచని రేకు ప్రతిసారీ ఉబ్బి, లోపలికి నొక్కుకుంటుంది. టపటప శబ్దం దానిదే.

ఇక్కడే అసలు చిక్కు. బయటికి పోయినంత నీరూ తిరిగి లోపలికి వస్తోంది. మరి పడవ ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉన్నచోటనే ఉండాలి కదా!

పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని ఒక కొవ్వొత్తి వెలిగించండి. జానెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అంతే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పండి చూద్దాం! ఎంత పీల్చినా ఆరదు. ఊదిన గాలి ధారగా ఒకే దిక్కున పోతుంది. పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టం దగ్గర నీరూ ఇంతే. వెనక్కి దూసుకుపోయే ధార పడవను ముందుకు తోస్తుంది. లోపలికి వచ్చే నీరు పడవను వెనక్కి లాగే మాట నిజమే. కాని ఆ నీరే లోపల ఆగేటప్పుడు పడవను ముందుకు నెడుతుంది. చెల్లుకు చెల్లు! చివరికి మిగిలేది ధార ఇచ్చిన తోపే.

ధర్మవరం పిల్లలకు ఇది వింతగా తోచదు. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతూనే ఉంటుంది. చీర మాత్రం ఒకవైపే పెరుగుతుంది.

ఇటువంటి పడవకు 1891లో థామస్ పియో అనే ఆయన బ్రిటనులో పేటెంటు తీసుకున్నాడు. 1916లో అమెరికాలో చార్లెస్ మెక్‌హ్యూ పలుచని రేకు మూత ఉన్న డబ్బాకు పేటెంటు పొందాడు. వంద ఏళ్ళు దాటినా మన అంగట్లో బొమ్మ దాదాపు అదే.

పడవ కొంటే గొట్టాల వెనుక ఒక సిరా చుక్క వేసి చూడండి, ధార కంటికి కనిపిస్తుంది. డబ్బాలో నీరు లేకుండా మాత్రం దీపం పెట్టకండి, అతుకులు కరిగిపోతాయి. ఆ అతుకుల్లో, పైరంగులో సీసం ఉండవచ్చు కనుక పడవను నోట పెట్టుకోకూడదు, ఆట అయ్యాక చేతులు కడుక్కోవాలి. దీపం ఉన్నా పడవ కదలకపోతే దాన్ని ఆర్పి, చల్లారాక గొట్టాల్లో మళ్ళీ నీరు నింపండి. చాలాసార్లు లోపల గాలి చేరడమే కారణం.