బీల బంజరు కాదని చెప్పే చదువు

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలను ఎరిగినవాళ్లెవరూ దాన్ని బంజరు అనరు. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య పరచుకున్న ఆ చిత్తడి నేలలో వాన నీరు నిలుస్తుంది. ఆ నీటితో పొలాలు పండుతాయి, చేపలు పడతాయి, పశువులకు మేత దొరుకుతుంది. అయినా అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు, అనుమతుల కాగితాల్లో అది పనికిరాని నేల అయింది. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఏడున్నర నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రం విషయంలో కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. ఈ రెండింటి వెనకా రాజకీయం ఉంది, డబ్బుంది, అధికారం ఉంది. వాటితోపాటు ఒక చదువు లోటు కూడా ఉందన్నది నా వాదన. ఒక నేలలో ఏయే ప్రాణులున్నాయి, నీరు ఎటునుంచి ఎటు పోతుంది, అది పూడితే ఎవరి బతుకు పూడుతుంది అన్నది లెక్కగట్టి, తప్పుడు కాగితానికి సరైన కాగితంతో జవాబు చెప్పగలవాళ్లు ఈ ప్రాంతంలోనే తయారు కావాలి. జీవావరణం, పరిణామం, జీవవైవిధ్యం డిగ్రీలో చదవాల్సిన అవసరం పెద్ద నగరాల కంటే పలాస, టెక్కలి, హరిశ్చంద్రపురం పిల్లలకే ఎక్కువ.

ఈ మూడు చదువుల పేర్లూ బరువుగా వినిపిస్తాయిగానీ, ఇదే జిల్లాలోని ఉద్దానం కొబ్బరి తోటలో నిలబడితే మూడూ ఒకేచోట కనిపిస్తాయి. సర్పిలాకార తెల్లదోమనే తీసుకోండి. అది మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనబడి, తర్వాత మన కోస్తా తోటలకూ పాకింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, అది విసర్జించే జిగట మీద మసిలా నల్లటి బూజు పడుతుంది. రైతుకు మొదట తట్టేది మందు కొట్టడం. కానీ ఎన్‌కార్సియా అనే కంటికి ఆనీ ఆనని కీటకం ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెడుతుంది, ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగులు వాటిని లోపలినుంచి తినేస్తాయి. ఘాటైన మందు కొడితే ఈ మిత్రకీటకమూ చస్తుంది. దోమల్లో మందుకు తట్టుకున్న కొన్ని మిగిలి, వాటి సంతానమే తోటంతా నిండుతుంది. ఎవరు ఎవరిని తిని బతుకుతున్నారో చెప్పేది జీవావరణ శాస్త్రం. మందుకు లొంగని దోమలు ఎలా పుట్టుకొస్తాయో చెప్పేది పరిణామం. ఒకే పంట ఉన్న తోటలోనూ, పనస, మామిడి, జీడి కలిసిన తోటలోనూ మిత్రకీటకాలకు దొరికే చోటు ఒకటేనా అని అడిగేది జీవవైవిధ్యం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రకీటకాలతో, బూజుతో ఈ దోమను అదుపుచేసే పద్ధతిని రైతులకు నేర్పుతోంది. అలాంటి పని ఉద్దానంలో ఊరూరా చేయడానికి చదువుకున్న చేతులు కావాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గౌరవించదగ్గదే. బీల గురించి జాలరికీ, రైతుకూ తెలిసినంత డిగ్రీ పిల్లలకు తెలుస్తుందా? తెలియదు. బీలను కాపాడింది ఊళ్లవాళ్ల అనుభవమూ, తెగువే. కానీ అనుభవం కంటికి కనిపించే మేరకే చెబుతుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఇందుకు ఉదాహరణ. సెప్టెంబరు దాటాక పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఏ చట్టమూ చేయలేని రక్షణ అది. అయితే అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు, పత్రికలూ రాస్తాయి. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా వాసులు. మన ఉపఖండంలోనే నీరు, చేప ఉన్న చోటికి తిరుగుతూ, మన దగ్గరే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. ఈ తేడా చిన్నది కాదు. అవి సైబీరియావే అయితే, ఏదో ఒక ఏడు తగ్గితే కారణం ఎక్కడో మంచులో ఉందనుకుని ఊరుకోవచ్చు. అవి ఇక్కడివే కాబట్టి నౌపడ ఉప్పునేలల్లో, చుట్టుపక్కల చెరువుల్లో చేప ఉందా లేదా అన్నదాన్ని బట్టే వాటి రాకపోకలుంటాయి. గూడు కట్టిన చెట్టును ఎంత భద్రంగా చూసుకున్నా, మేత దొరికే తంపర పోతే ఆ చెట్టు ఖాళీ అవుతుంది. ఊరి ప్రేమకు ఈ లెక్క తోడు కావాలి.

ఇంకొందరు ఖర్చు సంగతి ఎత్తుతారు. ఈ చదువులు ఖరీదైన ప్రయోగశాలలున్న సంస్థలకే చెల్లుతాయంటారు. దీనికి జవాబు అరవై ఏళ్ల కిందటే దొరికింది. పరిణామ సిద్ధాంతానికి గణిత పునాది వేసినవారిలో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. జీవశాస్త్రంలో మంచి పరిశోధనకు ఈ దేశంలో పెద్ద యంత్రాలు అక్కర్లేదని, చూసే ఓపికా లెక్కపెట్టే క్రమశిక్షణా చాలని ఆయన నమ్మకం. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, లాంటానా పొదల్లో ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో గమనించి 1960లో ప్రచురించారు. ఒక్కో రకం సీతాకోకచిలుక ఒక్కో రంగుకే కట్టుబడితే, కాలక్రమంలో ఒక మొక్క జాతి రెండుగా చీలవచ్చునన్నది అందులోని ఆలోచన. హాల్డేన్ బృందంలోనే టి.ఎ. డేవిస్ కొబ్బరి మట్టలు కొన్ని చెట్లకు ఎడమవైపు, కొన్నిటికి కుడివైపు మెలితిరగడం లెక్కపెట్టారు. ఆ మెలిక తల్లిచెట్టు నుంచి పిల్లకు రాదని, ఎడమ మెలిక చెట్లకు కాయలు ఎక్కువని ఆయన లెక్కల్లో తేలింది. కొబ్బరి చెట్టుకు కొదవలేని ఉద్దానంలో ఈ పని చేయడానికి ఏ యంత్రం కావాలి? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పల్లిసారథి దగ్గర తీరం దాటి కొబ్బరిని, జీడిని నేలకూల్చినప్పుడు ఏ వయసు చెట్లు పడ్డాయి, ఏ నేలలో నిలిచాయి, పక్కన ఏ చెట్టుంటే గాలి తీవ్రత తగ్గింది అన్నవి టేపు, నోటుపుస్తకంతో తేల్చగల ప్రశ్నలే. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. మన పిల్లలకు ఆయన పేరు పరిచయం చేయకపోవడం నన్ను బాధపెడుతుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఉద్యోగం. బైపీసీ చదివించే తల్లిదండ్రులు మొదట ఎంబీబీఎస్, కాకపోతే వ్యవసాయం, ఫార్మసీ, నర్సింగు అని లెక్కవేసుకోవడంలో తప్పులేదు. జీవావరణం చదివితే ఆ స్థాయిలో ఉద్యోగాలు ఎదురుచూస్తుంటాయని నేను చెప్పను. పైగా కొత్త పేరుతో డిగ్రీ పెడితే చిక్కుంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు అర్హతగా వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, వ్యవసాయం, అటవీశాస్త్రం వంటివి అడుగుతారు, జీవావరణం పేరు ఆ జాబితాలో లేదు. బడిపంతులు పోస్టుకూ పట్టా మీద ఉన్న సబ్జెక్టు పేరే చూస్తారు. కాబట్టి పట్టా మీద బోటనీ, జువాలజీ పేర్లే ఉండనిచ్చి, ఈ చదువును వాటి మధ్యలో పెట్టడం మేలు. ఇప్పుడది సిలబస్‌లో లేకపోలేదు, కానీ ఒక మూల యూనిట్‌గా ఉంటుంది. 2023-24లో మన డిగ్రీలోకి ఒకే మేజర్ పద్ధతి రావడంతో మొక్క ఒక విద్యార్థికి, పురుగు ఇంకో విద్యార్థికి పోయాయి. తెల్లదోమ కథ ఆ రెంటి మధ్య సంబంధంలోనే ఉంది. ఈ పునాది ఉన్నవాళ్లకు తర్వాత దారులున్నాయి: తిరుపతి ఐసర్, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల లాకోన్స్.

ఊళ్లోనే చేయాల్సిన పని కూడా చట్టంలో రాసి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊరి చెట్టూ చేమా, పక్షీ పురుగూ, వాటి గురించి జనానికి తెలిసినదీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఈ రిజిస్టర్ సరిగా రాస్తే రేపు ఏ ప్రాజెక్టు నివేదిక వచ్చినా దానితో పోల్చి చూడటానికి ఊరి దగ్గర ఒక ఆధారం ఉంటుంది. హడావుడిగా నింపితే అది మరో కాగితం. పలాస, టెక్కలి కాలేజీల్లో ఆనర్స్ విద్యార్థులకు ఒక్కో పంచాయతీ అప్పగించి, ఏడాది పొడవునా అన్ని రుతువుల్లోనూ తిరిగి ఆ రిజిస్టర్ రాయించి, దానికే మార్కులివ్వవచ్చు. వజ్రపుకొత్తూరు జీడితోటల్లో ఎలుగుబంటి ఏ నెలల్లో తిరుగుతుందో, తీరంలో తాబేళ్లు ఎక్కడ గుడ్లు పెడతాయో, చెప్పినవాళ్ల పేర్లతో సహా అందులోకి ఎక్కాలి.